పొయ్యి మీద ఒక్కటే చాలు

ఇంటికి ఇరవై మందిని పిలిచిన రోజు మన ఇళ్లలో జరిగే తంతు దాదాపు ఒకేలా ఉంటుంది. పొద్దున్నే ఉల్లిపాయలు తరగడం మొదలవుతుంది. మధ్యాహ్నానికి బిర్యానీకి కావలసినవన్నీ సిద్ధమవుతాయి. రాత్రి ఏడున్నరకు మొదటి కారు గేటు ముందు ఆగేసరికి ఇంటావిడ మూకుడు ముందు నిలబడి ఉంటుంది. మిర్చి బజ్జీలు ఒక వాయి, పనీర్ ఒక వాయి, చికెన్ రెండు వాయిలు. హాల్లోంచి ఎవరో ఒకరు వచ్చి, "వదినా, మీరూ వచ్చి కూర్చోండి, తర్వాత చూసుకోవచ్చు" అంటారు. "ఇదిగో, ఈ ఒక్క వాయి దించేసి వస్తా" అంటుంది ఆవిడ. ఆ ఒక్క వాయి తొమ్మిదిన్నరకు గానీ అవదు. అందరూ వెళ్లిపోయాక ఎవరు ఏం మాట్లాడారో ఆవిడకు ఇంట్లోవాళ్లు చెప్పాల్సి వస్తుంది.

ఆవిడకు ఓపిక లేక ఇలా జరగదు, వంట రాక అంతకన్నా కాదు. చిక్కంతా స్టార్టర్లను ఎంచుకోవడంలోనే ఉంది. రుచి చూసుకుంటాం, ఖర్చు చూసుకుంటాం, పిల్లలు ఏది తింటారో చూసుకుంటాం. అతిథులు వచ్చాక ఆ వంటకం మనల్ని ఎంతసేపు పొయ్యి దగ్గర కట్టిపడేస్తుందో మాత్రం లెక్క వేసుకోం. ఇంట్లో చేసుకునే పార్టీకి మొట్టమొదట వేసుకోవాల్సిన లెక్క అదే. పిలిచిన మనిషే కనిపించని చోట తిండి ఎంత బాగున్నా వచ్చినవాళ్లకు వెలితిగానే ఉంటుంది.

మన పాతకాలపు విందులో స్టార్టర్ల ఘట్టం లేదు. విస్తరి వేశాక తీపి, పప్పు, కూర, పచ్చడి, వడియాలు అన్నీ ఒకేసారి వడ్డిస్తారు. భోజనానికి ముందు వేపుడు ముక్కలు తినే అలవాటు హోటళ్ల నుంచి, పెళ్లి రిసెప్షన్ల నుంచి ఇంటికి వచ్చింది. చికెన్ 65 పుట్టిల్లు మద్రాసులోని బుహారీ హోటల్ అనీ, పుట్టిన ఏడాది 1965 అనీ చెబుతారు. చికెన్ మంచూరియాను 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు మొదట చేశాడని అంటారు. ఇలా హోటల్ వంటింట్లో పుట్టిన వంటకాలనే మనం ఇంటి పొయ్యి మీదికి తెచ్చుకున్నాం. అక్కడ పొయ్యికో మనిషి, కూరగాయలు తరగడానికి ఇద్దరు, గిన్నెలు కడగడానికి ఇంకొకరు ఉంటారు. పైగా ఆర్డరిచ్చిన పది నిమిషాల్లో బల్ల మీదికొచ్చే ముక్కల్ని చాలాచోట్ల ముందే ఒకసారి వేయించి పెట్టుకుంటారు. వంటకాన్ని తెచ్చుకున్నాం గానీ దాని వెనకున్న ఈ ఏర్పాటును తెచ్చుకోలేదు.

సాయంత్రం పూట పదిమందిని పిలిచి, ఇల్లాలు కూడా హాయిగా వాళ్లతో కూర్చునే పద్ధతి మనకు ఎప్పటినుంచో ఉంది. అదే పేరంటం. దసరాకు బొమ్మల కొలువు పెట్టిన ఇంటికి పేరంటాళ్లు ఒక్కొక్కరుగా వస్తుంటారు, కాసేపు కూర్చుని కబుర్లు చెప్పుకుని వెళుతుంటారు. పెట్టేది గుగ్గిళ్లో, పులిహోరో, ఒక తీపో. అన్నీ మధ్యాహ్నమే అయిపోతాయి. చల్లారినా రుచి చెడవు. ముందొచ్చిన వాళ్లకూ ఆలస్యంగా వచ్చిన వాళ్లకూ ఒకేలా ఉంటాయి. వెళ్లేటప్పుడు బొట్టు పెట్టి తాంబూలం చేతికిచ్చి గుమ్మం దాకా వెళ్లి సాగనంపుతారు. పార్టీ ఎలా చేయాలో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి నమూనా నాకు కనిపించలేదు.

దాన్నే ఇప్పటి పార్టీకి అన్వయించుకుంటే మూడు రకాల స్టార్టర్లు సరిపోతాయి. ఒకటి పూర్తిగా ముందే చేసి ఉంచేది, వేడి చేయాల్సిన పని లేనిది. రెండోది ముందే వండో, మసాలా పట్టించో ఉంచి, వడ్డించే ముందు కొద్ది నిమిషాలు పొయ్యి మీద పెట్టేది. మూడోది మాత్రమే అప్పటికప్పుడు పొయ్యి మీంచి దిగేది. ఆ మూడోది ఒక్కటే ఉండాలి. రెండు పెట్టుకుంటే మళ్లీ మొదటికే వస్తాం.

మొదటి రకంలో గుగ్గిళ్లకు సాటి లేదు. అరకిలో శనగలు రాత్రే నానబెడితే పొద్దునకు కిలో దాటుతాయి. ఉప్పు వేసి కుక్కర్లో మెత్తబడేలా ఉడికించి, నీళ్లు పూర్తిగా వంపేసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేయండి. సాయంత్రం ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో తాలింపు వేసి, పచ్చికొబ్బరి కోరు కలిపి, దించాక నిమ్మరసం పిండితే చాలు. పొయ్యి మీద ఉండగా నిమ్మకాయ పిండితే ఆ తాజా వాసన ఆవిరితో పోతుంది. మామిడికాయల రోజుల్లో సన్నగా తరిగిన పచ్చి మామిడికాయ ముక్కలు కలిపితే ఇంక నిమ్మకాయే అక్కర్లేదు. పళ్లెంలో కుప్పగా పోయకుండా చిన్న కాగితపు కప్పుల్లో సర్ది, చెంచా గుచ్చి పెడితే నిలబడి కబుర్లు చెప్పుకుంటూ ఒక చేత్తో తినేయొచ్చు.

ఉడికించిన పల్లీల్లో ఉల్లి, టమాటా, కొత్తిమీర, కారం కలిపే పల్లీ మసాలా కూడా ఈ కోవలోదే. అయితే ఉప్పు తగిలిన క్షణం నుంచి ఉల్లి, టమాటా నీరు వదలడం మొదలెడతాయి. అన్నీ విడివిడిగా తరిగి ఉంచుకుని ఆఖర్న కలపాలి. మరమరాలతో చేసే ముంత మసాలాకైతే ఈ జాగ్రత్త మరీ అవసరం, కలిపిన కొన్ని నిమిషాలకే అవి మెత్తబడతాయి. దాన్ని కలిపే పని ఇంట్లో పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు అప్పగించి చూడండి. బల్ల మీద గిన్నెలన్నీ వరసగా పెట్టి, ఎవరికి ఎంత కారం కావాలో అడిగి కలిపిస్తుంటే ఆ మూల ఎప్పుడూ సందడిగా ఉంటుంది. తెలంగాణ ఇళ్లలో చేసే సర్వపిండి కూడా మధ్యాహ్నం కాల్చి ముక్కలు కోసి ఉంచితే రాత్రికి బాగానే ఉంటుంది. వీటిలో ఏదీ కుదరకపోతే స్వగృహ దుకాణంలో సకినాలో చేగోడీలో కొనుక్కొచ్చి మంచి పళ్లెంలో పెట్టండి. కొన్నవని ఎవరూ తక్కువగా చూడరు.

రెండో రకానికి చికెన్, పనీర్ అనువైనవి. నీరంతా కారిపోయేలా గుడ్డలో కట్టిన పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద కలిపి పనీర్ ముక్కలకు పట్టించి ఫ్రిజ్‌లో ఉంచి, అతిథులు వచ్చాక పెనం మీద కొద్ది నూనెతో కాల్చుకోవచ్చు. పెరుగులో నీరు మిగిలితే ముక్క వేగకుండా ఉడికిపోతుంది. చికెన్‌ను మాత్రం హోటళ్లలోలా సగం వేయించి పక్కన పెట్టే పని ఇంట్లో వద్దు. సగం ఉడికిన మాంసం గది వేడిలో ఉంటే అందులో సూక్ష్మజీవులు పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. మధ్యాహ్నమే మధ్యస్థంగా ఉన్న మంట మీద పూర్తిగా వేయించండి. పెద్ద ముక్క ఒకటి కోసి, లోపల గులాబీ రంగు లేదని చూసుకోండి. చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. సాయంత్రం కాస్త ఎక్కువ వేడి నూనెలో బాగా వేడెక్కేదాకా మళ్లీ వేయించి, పచ్చిమిర్చి, కరివేపాకు, వెల్లుల్లి తాలింపులో తిప్పండి. రెండోసారి వేయించినప్పుడు పైపొరలో మిగిలిన తడి పోతుంది, ముక్క మొదటిసారి కన్నా కరకరలాడుతుంది.

ఇక మూడోది, పొయ్యి మీంచి నేరుగా పళ్లెంలోకి వచ్చేది. ఇక్కడ నా ఓటు కట్ మిర్చికే. బజ్జీ మిరపకాయలు, అంటే పొడుగ్గా, లేత ఆకుపచ్చగా, కారం తక్కువగా ఉండేవి తీసుకుని, నిలువునా గాటు పెట్టి గింజలు తీసి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కలిపిన ముద్దను లోపల రాస్తాం. శనగపిండి జారులో ముంచి ఒకసారి వేయించేస్తే మధ్యాహ్నం పని అయిపోయినట్టే. అతిథులు కూర్చున్నాక ఒక్కో బజ్జీని మూడు నాలుగు ముక్కలుగా కోసి మళ్లీ నూనెలో వేస్తే రెండు నిమిషాల్లో సిద్ధం. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, నిమ్మరసం. మామూలు బజ్జీకి ఒక్కో వాయికీ కాయలు ముంచుతూ, చేతులు పిండి చేసుకుంటూ అక్కడే ఉండాలి. దీనికి ఆ బాధ లేదు. పునుగులంటే ఇష్టమైతే ఇంట్లో ఉన్న ఇడ్లీ పిండిలో కొంచెం మైదా, పచ్చిమిర్చి కలిపి వేసుకోవచ్చు. అవి మాత్రం వేసిన వాయి వేసినట్టే తినాలి.

వేయించడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్టార్టర్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. పిండి ముద్ద కాగిన నూనెలో పడగానే దానిలోని నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. మనకు కనిపించే బుడగలు అవే. ఆవిరి బయటికి తోస్తున్నంతసేపూ నూనె లోపలికి పెద్దగా వెళ్లలేదు. నూనె 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉంటే ఇది సవ్యంగా జరుగుతుంది. ఇంట్లో థర్మామీటర్ ఉండదు కాబట్టి చిటికెడు పిండి వేసి చూడాలి. అది అడుగుకు వెళ్లీ వెళ్లకుండానే బుడగలతో పైకి తేలితే వేడి సరిపోయినట్టు. అడుగునే ఉండిపోతే నూనె ఇంకా కాగలేదు, వేసీ వేయగానే నల్లబడితే మంట తగ్గించాలి. త్వరగా అయిపోవాలని మూకుడు నిండా వేస్తే నూనె ఒక్కసారిగా చల్లబడుతుంది, ఆవిరి జోరు తగ్గుతుంది, పైపొర గట్టిపడక ముందే నూనె పీల్చుకుంటుంది. పిండిలో వంటసోడా ఎక్కువైనా ఇదే జరుగుతుంది.

బజ్జీ నూనె పీల్చేది చాలావరకు మూకుడులోంచి తీశాకే. చల్లబడుతున్నప్పుడు లోపలి ఆవిరి కుదించుకుపోతుంది, ఆ ఖాళీలోకి పైన అంటుకున్న నూనె చేరుతుంది. కాబట్టి చిల్లుల గరిటెతో తీశాక మూకుడు అంచు మీద కొన్ని క్షణాలు బాగా ఓడ్చి, వెంటనే జల్లెడ మీదనో జాలీ స్టాండు మీదనో పరవాలి. ఒకదాని మీద ఒకటి కుప్పపోస్తే అడుగువి మెత్తబడతాయి. హాట్ బాక్స్‌లో వేసి మూత పెట్టడం అన్నిటికన్నా చేటు. వాటి ఆవిరి వాటి మీదే పడి పావుగంటలో కరకర అంతా పోతుంది. పిండిలో నాలుగో వంతు బియ్యప్పిండి కలిపితే కరకర కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది.

నూనె పీల్చుకోవడానికి పాత న్యూస్ పేపర్ పరిచే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. దయచేసి మానేయండి. అచ్చు సిరాలో ఉండే రసాయనాలు వేడి నూనెతో కలిసి తిండిలోకి చేరతాయని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది. కాగితం కావాలంటే వంటింటి టిష్యూలు వాడండి. మిగిలిన నూనెను వడకట్టి ఒకటి రెండు రోజుల్లో కూరల తాలింపుకు వాడేయండి. మళ్లీ పూరీలకూ అప్పడాలకూ కాగబెట్టవద్దు.

పార్టీల్లో చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది, వండినది బయట ఎంతసేపు ఉంటోందన్నది. వండిన పదార్థాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, మన ఎండాకాలపు సాయంత్రాలు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటాయి. కొబ్బరి పచ్చడి, పెరుగు కలిపినవి, చికెన్, గుడ్లు ముందు పాడవుతాయి. పచ్చడంతా ఒకే గిన్నెలో పోసి పెట్టకుండా చిన్న గిన్నెలో కొద్దిగా పెట్టి, మిగతాది ఫ్రిజ్‌లో ఉంచి, అయిపోయాక కొత్త గిన్నెలో మళ్లీ పెట్టండి.

ఎంత చేయాలన్నది ఎప్పుడూ ఉండే సందేహం. తర్వాత భోజనం ఉంటే మనిషికి ఆరు ముక్కలు చాలు, స్టార్టర్లే భోజనమైతే పన్నెండు దాకా అనుకోవాలి. ఇరవై మందికి భోజనం ముందు 120 ముక్కలు కావాలి. కిలో బోన్‌లెస్ చికెన్‌ను పాతిక గ్రాముల ముక్కలు చేస్తే నలభై వస్తాయి. అరకిలో పనీర్‌కు ముప్ఫై. ఇరవై బజ్జీలను మూడేసి ముక్కలు చేస్తే అరవై. అన్నీ కలిపి 130. గుగ్గిళ్లు దీనికి అదనం. ఇంతకు మించి చేస్తే బిర్యానీ మిగిలిపోతుంది.

పిలిచేటప్పుడు ఫోన్లోనే అడగాల్సినవి అడిగేయాలి. ఆ రోజు శనివారమైతే ఎవరు నీచు తినరు, కార్తీకమాసంలో ఉల్లి వెల్లుల్లి మానేసినవాళ్లు ఎవరు, పల్లీలు పడనివాళ్లు ఉన్నారా అని. శాకాహారులు వస్తుంటే వాళ్లకు మూకుడు వేరు, గరిటె వేరు, పళ్లెం పెట్టే బల్ల కూడా వేరుగా ఉండాలి. "ఇది మీకోసం వేరేగా చేశాం పిన్నిగారూ" అని ఒక్కమాట చెబితే ఆవిడ అనుమానం లేకుండా తింటారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు పాట్‌లక్ పద్ధతిలో తలా ఒక ట్రే తెస్తుంటారు. పని పంచుకోవడానికి చక్కటి పద్ధతి, కాకపోతే ఎవరు ఏది తేవాలో ముందే చెప్పకపోతే నాలుగు ట్రేల పులిహోర చేరుతుంది. అక్కడి అపార్ట్‌మెంట్లలో పొగకు అలారం మోగుతుందని మూకుడు పెట్టడానికి జంకేవాళ్లకు, చికెన్, పనీర్ ఓవెన్‌లో గానీ ఎయిర్ ఫ్రయ్యర్‌లో గానీ బాగానే వస్తాయి.

తిండి ఏర్పాటు ఇంత తేలికైతే మిగిలిన సమయం మనుషులకు ఇవ్వొచ్చు. ఏడింటికి రమ్మంటే ఎనిమిదిన్నర దాకా వస్తూనే ఉంటారు, అది మనకు కొత్త కాదు. సమయానికి వచ్చిన ఇద్దరు ముగ్గురే ఇబ్బంది పడతారు. ఖాళీ హాల్లో టీవీ చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. వాళ్ల చేతికి మజ్జిగో నిమ్మకాయ సోడానో ఇచ్చి, గుగ్గిళ్ల కప్పులు సర్దే పనో పాటలు పెట్టే పనో చెప్పండి. పని చేతిలో ఉన్న మనిషికి బిడియం ఉండదు. తిండి అంతా ఒకే బల్ల మీద పెడితే జనం అక్కడే గుమిగూడతారు, గదిలో రెండు చోట్ల పెట్టండి. మంచినీళ్లు మరో వైపు ఉంచండి. చెత్తబుట్ట కళ్లకు కనబడే చోట పెట్టండి, లేకపోతే వాడిన కప్పులు కిటికీ గట్టు మీదా సోఫా కిందా దొరుకుతాయి.

ఒకరికొకరిని పరిచయం చేసేటప్పుడు పేరూ ఉద్యోగమూ చెప్పి ఊరుకుంటే మాట అక్కడితో ఆగిపోతుంది. "బావగారిది తెనాలి, మీరూ అక్కడే చదివారట కదా" అంటే వాళ్లిద్దరికీ అరగంట కబుర్లు దొరుకుతాయి. ఈ పని గృహస్థులు తప్ప ఇంకెవరూ చేయలేరు, ఎందుకంటే అందరూ తెలిసింది వాళ్లకే. మూకుడు ముందు నిలబడ్డ మనిషి వల్ల ఇది కాదు.

జ్ఞాపకం ఎలా ఏర్పడుతుందన్న దాని మీద డేనియల్ కానెమన్ చేసిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త, 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. డొనాల్డ్ రెడెల్‌మయర్ అనే కెనడా వైద్యుడితో కలిసి 1996లో ఒక అధ్యయనం ప్రచురించారు. పెద్దపేగు పరీక్ష చేయించుకున్న రోగులు ఆ నొప్పిని తర్వాత ఎలా గుర్తుపెట్టుకున్నారో చూశారు. ఎంతసేపు బాధపడ్డారన్నది పెద్దగా లెక్కకు రాలేదు. నొప్పి పరాకాష్ఠకు చేరిన క్షణం, చివరి నిమిషాలు, ఈ రెండే జ్ఞాపకాన్ని తీర్చిదిద్దాయి. అది నొప్పి గురించిన అధ్యయనమే అయినా, సంతోషానికీ ఇది వర్తిస్తుందని నా నమ్మకం. నాలుగు గంటల పార్టీలో అందరూ ఒక్కటైన పది నిమిషాలు ఒకచోట ఉంటే చాలు. అంత్యాక్షరి కావచ్చు, తంబోలా కావచ్చు, డాబా మీద తాతగారు చెప్పే ఊరి ముచ్చట కావచ్చు. దాన్ని ముందే అనుకుని ఉంచుకోండి, స్టార్టర్లు అయ్యాక భోజనానికి ముందు పెట్టుకోండి. కడుపు నిండాక అందరూ వాచీలు చూసుకోవడం మొదలెడతారు.

చివర్న కాఫీ ఇవ్వండి, లేదా ఒక తీపి. గుమ్మం దాకా వెళ్లి చెప్పులు వేసుకునేదాకా నిలబడండి. పిల్లల చేతిలో పొట్లాం కట్టిన జంతికలు పెట్టండి. తాంబూలం ఇచ్చే ఇళ్లలో ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఒక మాట ఇంట్లోని మగవాళ్లకూ పెద్దపిల్లలకూ చెప్పాలి. ఎన్ని జాగ్రత్తలు పడినా ఆ ఒక్క వేడి స్టార్టర్ దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి. అది ప్రతిసారీ ఒకే మనిషి కావడం న్యాయం కాదు. కట్ మిర్చి ముక్కల్ని కాగిన నూనెలో వేసి రెండు నిమిషాలకు తీయడం ఎవరైనా ఒక్క సాయంత్రంలో నేర్చుకోగల పని. ఈసారి అతిథుల జాబితా రాసుకున్నప్పుడే పొయ్యి దగ్గర ఎవరు ఏ అరగంట ఉండాలో కూడా రాసుకుని, ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.